పెరంబూరులో తొంభై ఒకటి

కత్తిరి ఎండలు మొదలై ఆరో రోజు.
ఆటలో నేను మంచుకొండ ఎక్కుతున్నాను,
గదిలో గ్రాఫిక్స్ కార్డు తొంభై ఒక్క డిగ్రీలు ఎక్కింది.

అడుగు పడింది. ఆగింది.
తర్వాతి అడుగు పడకుండానే
నా మనిషి నాలుగు గజాల అవతల తేలాడు.
మధ్యలో ఏమైందో ఎవరికీ తెలీదు.
తోడేలు గాల్లో నోరు తెరిచి
బడిలో పద్యం మరిచిన పిల్లాడిలా నిలబడిపోయింది.
ముందు నేను చచ్చాను,
తర్వాత అది కరిచింది.

చెయ్యాల్సినవన్నీ చేశాను.
డ్రైవర్ తీసేసి మళ్ళీ వేశాను.
నీడలు పలచన చేశాను, నీళ్ళలో ఆకాశం కనబడ్డం మాన్పించాను,
గడ్డి మొత్తం కోసేశాను.
కొండ బోడిగుండయింది, వేడి పిసరంత దిగలేదు.
డబ్బా పక్క రేకు ఊడదీసి టేబుల్ ఫ్యాను ఎదురు పెట్టాను.
కత్తిరిలో ఫ్యాను గాలి, తెలిసిందేగా,
వేడిని ఈ మూల నుంచి ఆ మూలకి మోసే కూలీ.
రిచీ స్ట్రీట్‌లో కొట్టతను ఫోన్లోనే తేల్చేశాడు:
"పళసు సార్, పుదుసు వాంగుంగ."
కొత్తది నా మూడు నెలల జీతం.

రాత్రి పదకొండున్నరకి తలుపు చప్పుడు.
కింద పరుపుల కొట్టు మస్తానయ్య.
ఉదయగిరి వైపు మనిషి, ముప్ఫై ఏళ్ళుగా ఇక్కడే దూది ఏకుతున్నాడు,
అరవం కూడా నెల్లూరు యాసలోనే మాట్లాడతాడు.
"ఏందబ్బయా, పైన పిండిమర పెట్టినావా? నిద్ర పట్టడంలా."
కంప్యూటర్ ఫ్యాన్ల చప్పుడన్నాను.
నమ్మలేదు. వచ్చి చెయ్యి పెట్టాడు,
చటుక్కున లాక్కున్నాడు.
"మోటారు కాలతా ఉంటే ముందు దుమ్ము చూడాల.
దేవుణ్ణి తిట్టేది ఆ తర్వాత."

స్క్రూడ్రైవర్ నాది, కళ్ళద్దాలు ఆయనవి.
ఒక మర మంచం కిందికి దొర్లి ఇప్పటికీ దొరకలేదు.
ఫ్యాన్లు ఎత్తాం.
అల్యూమినియం రేకుల సందుల్లో
దువ్వెన పళ్ళకి జుట్టు పట్టినట్టు కాదు,
నిజంగా చిన్న పరుపే కుట్టి ఉంది.
మస్తానయ్య చిటికెడు పీకి, వేళ్ళ మధ్య నలిపి,
ట్యూబ్‌లైటుకి పట్టి చూశాడు.
"ఇది నా సరుకే," అన్నాడు. "తేని బూరుగు."

రెండేళ్ళుగా మెట్లెక్కి వస్తోందన్నమాట,
అద్దె కట్టకుండా.

పెచ్చులు కట్టిన పాత పేస్టు గీకాను,
స్పిరిట్‌తో తుడిచి శనగ్గింజంత కొత్తది పెట్టాను.
వోల్టేజీ కాస్త తగ్గించాను. ఎందుకన్నాడు.
ఆకలికి మించి పెడతారు దీనికి, కంపెనీలోనే, అన్నాను.
"అత్తగారిల్లా ఏందిరా," అని నవ్వబోయి
దగ్గాడు.
దగ్గు పడింది. ఆగింది.
మధ్యలో రెండు ఊపిర్లు మాయమై
నాలుగోదాని దగ్గర తేలాడు.
నీళ్ళు తెస్తానంటే చేత్తో వద్దన్నాడు.
స్టాన్లీలో చూపించుకున్నావా అంటే
"చీటీ ఉండాది," అన్నాడు,
చీటీయే మందైనట్టు.

పీకిన దూది చెత్తబుట్టలో వెయ్యబోతే పట్టుకున్నాడు.
"పారెయ్యొద్దబ్బయా, రెండు తులాలుంటాది."
చొక్కా జేబులో కుక్కుకుని మెట్లు దిగాడు.
మర్నాడు అయనావరం నుంచి ఎవరో వచ్చి
స్కూటీ ముందు పెట్టుకుని రెండు దిండ్లు తీసుకెళ్ళారు.
ఏ దిండులో ఉందో నేనడగలేదు.

ఇప్పుడు డెబ్బై రెండు.
తోడేలు వేళకి కరుస్తోంది.
మంచు మీద అడుగు వెనక అడుగు, ఒక్కటీ జారకుండా.
గడ్డి మళ్ళీ మొలిపించాను, నీళ్ళలో ఆకాశం వచ్చింది.
ఫ్యాన్లు పిల్లి నడకన తిరుగుతున్నాయి,
అందుకే,
ఇన్నాళ్ళూ ఆ హోరు కప్పేసింది
పన్నెండు దాటాక నేల కింద నుంచి వినిపిస్తోంది.
హెడ్‌ఫోన్స్ ఉన్నాయి. పెట్టుకోలేదు.
ఆట ఆపి లెక్కపెడుతున్నాను.
ఒకటి.
రెండు.
ఆగింది.